ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఊరు

బహుమతి వచ్చే వ్యాసం ఎలా ఉండాలో శాలిని టీచరుకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల మరొకరికి తెలియదు. మొదట్లో ఒక ప్రశ్న ఉండాలి. నడుమ ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకోవాలి. చివర జెండా ఎగరాలి. పిల్లే రాసిందని నమ్మకం కుదరడానికి అక్కడక్కడా ఒక దీర్ఘం తగ్గించి వదిలేయాలి. ఈ కిటుకులన్నీ ఆవిడకి కరతలామలకం కాబట్టే కొంగల్లంక బడి బీరువా మీద ఆరేళ్లలో తొమ్మిది షీల్డులు చేరాయి.

దీనికో పద్ధతి ఉంది. పిల్లలు ముందు రఫ్ రాస్తారు. టీచరు ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. దిద్దగా మిగిలినదాన్ని, అంటే టీచరు రాసినదాన్ని, పిల్లలు తమ దస్తూరీతో ఫెయిర్ చేస్తారు. మన పదేళ్ల పిల్లల బహుమతి వ్యాసాల్లో అరవై ఏళ్ల వైరాగ్యం కనిపిస్తుందంటే కారణం ఇదే. దీన్ని దొంగతనమని ఎవరూ అనుకోరు. ఫొటోకి ముందు పిల్లకి తల దువ్వి పౌడరు రాయడం లాంటిదే అనుకుంటారు.

శాలినిది ఏలూరు. తాతగారి కాలం నుంచీ ఆ ఇంట్లో అందరూ మిషన్ బళ్లలో చదివి, మిషన్ బళ్లలోనే పాఠాలు చెప్పారు. ఆవిడకి మాత్రం సర్కారు ఉద్యోగం వచ్చింది. రోజూ స్కూటీ మీద కొల్లేటి గట్ల వెంట కొంగల్లంక వెళ్లి, సాయంత్రానికి తిరిగొస్తుంది. ఆవిడకి రాయడమంటే పిచ్చి. వారపత్రికలకి పంపిన కథలు ఇరవై దాకా తిరిగొచ్చాయి. అవన్నీ ఇంట్లో అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి, వాటి సంగతి ఎవరికీ చెప్పదు.

జనవరిలో ‘నా ఊరు, నా దేశం’ అని జిల్లా పోటీ పెట్టారు. ఒక వ్యాసం, దానికో బొమ్మ. దేశంలోని భిన్నత్వం కళ్లకి కట్టాలని సర్క్యులర్‌లో ఉంది. అది చదవగానే శాలిని చూపు తుహినా మీద పడింది.

తుహినా ఐదో తరగతి. తండ్రి సఫీకుల్ పన్నెండేళ్ల కిందట బెంగాల్లోని మాల్దా జిల్లా నుంచి పనికి వచ్చాడు. ఈశ్వరప్రసాద్ గారి చేపల చెరువుకి కాపలా. గట్టు మీదే తాటాకు గుడిసె. పొద్దున్నే పడవేసుకుని వెళ్లి చెరువులో మేత సంచులు కట్టడం, చేపల మీద పడే పక్షుల్ని తోలడం అతని పని. తుహినా కైకలూరు ఆసుపత్రిలో పుట్టింది, ఆ గట్టు మీదే పెరిగింది. ఇంట్లో బెంగాలీ, గుమ్మం దాటితే తెలుగు. ఆ తెలుగు కూడా బడిలో అన్నం వండే సుందరమ్మ దగ్గర నేర్చుకున్నది. “ఏమే బంగారూ” అని సుందరమ్మ పిలిస్తే “వచ్చేనే మామ్మా” అని పరిగెత్తేది. కళ్లు మూసుకుని వింటే ఆ పిల్ల ఏ ఊరిదో ఎవరూ రెండోసారి అడగరు.

ఆ పిల్ల రఫ్ తెచ్చి ఇచ్చింది.

“మా ఊరు కొంగల్లంక. మా ఇల్లు గట్టు మీద ఉంది. రెండు పక్కలా నీళ్లు. వానొస్తే మా అమ్మ బియ్యం డబ్బా మంచం ఎక్కిస్తది. చలికాలం గూడబాతులు ఎక్కడ్నించో వస్తాయి. మా నాన్న వాటిని తోలతాడు. నేను తోలను. అవి ఇక్కడే గుడ్లు పెడతాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇక్కడివే అని సుందరమ్మ మామ్మ చెప్పింది.”

పక్కన బొమ్మ. గట్టు, గుడిసె, గుడిసె కంటే పెద్ద గూడబాతు, దాని ముక్కు చివర మూడు రంగుల జెండా.

శాలిని చదివి నవ్వింది. “బాగుందమ్మా. కానీ ఇది అందరూ రాసేదే కదా. నువ్వు మీ ఊరి గురించి రాయాలి.”

“ఇది మా ఊరేనండీ.”

“ఇది కాదు తల్లీ, మీ అసలు ఊరు. బెంగాల్లో ఉందే, అది.”

“నాకు తెలీదండీ. నేనెప్పుడూ వెళ్లలేదండీ.”

“నేను చెప్తాగా,” అంటూ శాలిని ఎర్ర పెన్ను తీసి మొదటి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. తర్వాత బొమ్మ మీద కూడా ఒక ఇంటూ గుర్తు పెట్టింది. తుహినా ఆ గుర్తు వైపు చూసి, వెళ్లి తన చోట కూర్చుంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక శాలిని భోజనం కూడా మరిచిపోయి రాసింది. ఫోన్లో బెంగాల్ నదుల బొమ్మలు చూసింది. జనపనార చేలు, తెరచాప పడవలు, నీళ్లు కోసుకుపోయిన ఒడ్లు అన్నీ చూసింది. ఇరవై కథల్లో రాని ఊపు ఆవేళ వచ్చింది. ‘గంగ ఒడ్డున ఒక చిన్న పల్లె’ అని మొదలుపెట్టి రెండు పేజీలు ఏకబిగిన రాసేసింది. అయితే గుండె పట్టేసే మాట ఒకటి తక్కువైందనిపించింది. కాసేపు ఆలోచించి ఇలా చేర్చింది: “మా తాతయ్య ఒక చీకటి రాత్రి నదికి అవతలి దేశం నుంచి పడవలో వచ్చాడట. ఏ ఒడ్డు అన్నం పెడితే అదే అమ్మ అన్నాడట.” రాసి, తానే చదువుకుని, తానే కళ్లొత్తుకుంది. పాపం, రాసేవాళ్లకి ఈ జబ్బు ఉంటుంది. తమ మాటకి తామే ముందు మురిసిపోతారు.

తుహినా దాన్ని గుండ్రటి అక్షరాలతో ఫెయిర్ చేసింది. చూడని నదిని నీలంరంగులో, ఎక్కని పడవని గోధుమరంగులో వేసింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి, “టీచరండీ, మా తాత నిజంగా పడవలో వచ్చేడాండీ?” అని అడిగింది.

“వ్యాసంలో వచ్చాడమ్మా. రాయి రాయి,” అంది శాలిని.

జిల్లా ఫస్టు వచ్చింది. ఏలూరులో ఒక కళ్యాణ మండపంలో సభ పెట్టారు. తుహినా వ్యాసమంతా కంఠతా పట్టి, స్టేజి మీద మైకు ముందు నిలబడి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పడవ మాట దగ్గర, నేర్పినట్టే, కాస్త ఆగింది. ముందు వరసలో పెద్దలు తలలు ఊపారు. ఎవరో ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మాట తనది, చప్పట్లు పిల్లవి అని ఒక మూల గుచ్చుకున్నా శాలిని ఆ రోజు ఆకాశంలో నడిచింది. హెడ్‌మాస్టరు చలపతిరావు గారు వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రెండొందల మంది చేతులు జోడించారు. సఫీకుల్ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు కానీ మండపం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. వ్యాసంలో ఏముందో అతనికి సరిగ్గా అర్థమైందో లేదో ఎవరూ కనుక్కోలేదు.

మార్చిలో గాలి తిరిగింది. ఎక్కడో పెద్ద పట్టణంలో సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చినవాళ్లని పట్టుకున్నారని టీవీలో చూపించారు. చెరువుల మీద పనిచేసే బయటివాళ్ల కాగితాలు చూస్తారట అని కలిదిండి నుంచి కబురు పాకింది. అప్పుడు ఎవరికో ఆ వీడియో గుర్తొచ్చింది. మళ్లీ గ్రూపులోకి లాగారు. మొన్న చేతులు జోడించిన వేళ్లే ఇప్పుడు వేరే మాటలు టైపు చేశాయి. “వాళ్ల పిల్లే చెప్పింది కదండీ, అవతలి దేశం నుంచి రాత్రిపూట వచ్చేమని.” “ఇంకేం సాక్ష్యం కావాలండీ?” నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. వేళ్లకి నరాలుండి ఏం లాభం!

ఈశ్వరప్రసాద్ గారు చెడ్డవాడేం కాదు. పెద్దింట్లమ్మ జాతరకి సఫీకుల్ పిల్లకి కూడా బట్టలు పెట్టిన మనిషే. అయితే ఆయన చెరువులో సగం సర్కారు పక్షుల కోసం గీసిన గీత లోపల ఉంది. అక్కడ చెరువు తవ్వడమే నేరం. కాగితాలు చూసే మిషతో ఏ ఆఫీసరు గట్టెక్కినా ముందు చెరువు పోతుంది. అందుకని ఆయన సఫీకుల్‌ని పిలిచి, “ఈ మాట అబద్ధమని తేలిందా సరే. లేదంటే ఆదివారానికల్లా గట్టు ఖాళీ చేసెయ్ నాయనా. నా పీకల మీదకి తేకు,” అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సఫీకుల్ తుహినాని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి కార్డులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. తనవి, భార్యవి, అన్నిటికంటే కింద తండ్రిది, అంచులు చిరిగిన పాత ఓటరు కార్డు.

“మేడమ్ గారూ, మా నాన్న ఎక్కడినుంచీ రాలేదండీ. అక్కడే పుట్టేడు, అక్కడే పోయేడు. పొలం గంగలో పడిపోతే నేను పనికి వచ్చేను. అంతేనండీ. చూడండి, అందులో ఊరి పేరు ఉంది. పడవ మాట మీరు రాసేరని పిల్ల చెప్పింది. ఆదివారం దాకే గడువిచ్చేరండీ. ఆ ఒక్క మాట అయ్యగారికి చెప్పండి. కాగితం మీద రాసిచ్చినా చాలండీ.”

పక్క కుర్చీలో చలపతిరావు గారు గొంతు సవరించుకున్నారు. శాలినిని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అండీ. ఇదొక్కటి మీరు రాశానన్నారనుకోండి, తొమ్మిది షీల్డులూ మీరే రాశారంటారు. వ్యాసం రాష్ట్ర పోటీకి వెళ్లింది. ఉత్తమ టీచరుకి మీ పేరు పంపించాం. రెండ్రోజులు ఊరుకుంటే అదే సద్దుమణుగుతుందండీ.”

శాలిని లోపలికి వచ్చింది. కార్డులు అలాగే పరిచి ఉన్నాయి. వాటివైపు చూస్తే మాట ఇవ్వాల్సి వస్తుందని చూడలేదు. “సోమవారం నేనే వెళ్లి ఆయనతో మాట్లాడతాను. కంగారు పడకండి,” అంది.

సఫీకుల్ కార్డులు ఏరుకుంటుంటే తుహినా బీరువా వైపు చూసింది.

“టీచరండీ, నా రఫ్ పేపరు ఉందాండీ? అందులో పడవ లేదు కదండీ. అది చూపిస్తే సరిపోద్దండీ.”

పదేళ్ల పిల్లకి తట్టిన ఉపాయం అది. రఫ్ కాగితాలన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. తాళం చెవి శాలిని హ్యాండ్‌బ్యాగులో ఉంది.

“వెతకాలమ్మా,” అంది శాలిని.

పిల్ల తల ఊపింది. నమ్మి ఊపిందో నమ్మక ఊపిందో శాలినికి తెలియలేదు. ఆ ఊపు మాత్రం శనివారమంతా ఆవిడ కళ్లముందు ఆడుతూనే ఉంది. ఇంట్లో ఏ పని ముట్టుకున్నా సగంలో వదిలేసింది.

ఆదివారం చర్చిలో పాట నడుస్తుండగా శాలినికి ఎప్పటిదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు బళ్లో ప్రతి ఆగస్టు పదిహేనుకీ ఒక దృశ్యం కట్టేవారు. బొట్టు పెట్టుకున్న పిల్ల ఒకతె, టోపీ పెట్టుకున్న పిల్లాడు ఒకడు, తలపాగా పిల్లాడు ఒకడు, నడుమ జెండా పట్టుకున్న భారతమాత. శాలినికి ఏటా తెల్లగౌనే. మెడలో అట్టముక్క శిలువ. వాళ్లింట్లో ఎవరూ గౌన్లు వేసుకోరు. అమ్మ నేతచీర కట్టుకుని గోంగూర పచ్చడి నూరే మనిషి. గౌను పక్కవీధి డాక్టరుగారింట్లో అరువు తెచ్చేవారు. మూడో తరగతిలో శాలిని ధైర్యం చేసి, “నేను భారతమాత వేస్తానండీ,” అని అడిగింది. టీచరు ముద్దుగా బుగ్గ గిల్లి, “నువ్వు క్రిస్టియనువి కదమ్మా, నీకు గౌనే బాగుంటుంది,” అంది. ఆ టీచరు చెడ్డదేం కాదు. ప్రేమగానే అంది.

తుహినా రాసిన మొదటి వాక్యం మీద తన చెయ్యి ఎంత ప్రేమగా గీత కొట్టిందో శాలినికి అప్పుడు కనబడింది. పాట అయ్యేదాకా ఆగలేకపోయింది. బయటికొచ్చి చెట్టుకింద స్కూటీ మీద కూర్చుని ఏడ్చింది. ఇంటికెళ్లి తెల్లకాగితం మీద, ఏ కిటుకూ లేకుండా, నాలుగు వాక్యాలు రాసింది. వ్యాసం నాది. పడవ మాట నా కల్పన. ఆ పిల్ల రాసింది వేరు. తప్పు నాది. కింద సంతకం పెట్టింది. ఆ పూటే గట్టు మీదకి వెళ్లి ఉండాల్సింది. సోమవారమని చెప్పాను కదా, ఒక్కపూటలో ఏమవుతుందిలే అనుకుంది.

సోమవారం బడికి వెళ్లకుండా తిన్నగా చెరువు దగ్గరికే వెళ్లింది. గుడిసె తలుపు తీసే ఉంది. లోపల మంచం లేదు, డబ్బా లేదు. పొయ్యి రాళ్లు మూడూ అలాగే ఉన్నాయి. ఈశ్వరప్రసాద్ గారు గట్టు చివర మేత లారీ దింపించుకుంటున్నారు. శాలిని కాగితం చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

“అయ్యయ్యో, మీరు రాసేరా? ఈ ముక్క శుక్రవారం చెప్పేస్తే సరిపోయేది కదండీ టీచర్ గారూ. నిన్న సాయంత్రం వ్యాను పెట్టి తాడేపల్లిగూడెం స్టేషన్లో దింపించేసేను. ఏ రైలెక్కేరో తెలీదండీ.”

“వాళ్ల ఊరి అడ్రసు ఉందాండీ? మీ దగ్గర కార్డుల జిరాక్సులు ఉంటాయి కదా.”

ఆయన నేలచూపు చూశాడు. “చించేసేనండీ. రేపెవరైనా అడిగితే, అలాంటివాళ్లు ఇక్కడ పనిచెయ్యలేదని చెప్పాలి కదండీ.”

ఫోను చేస్తే స్విచాఫ్. నడిపించుకుంటూ స్కూటీని బడిదాకా తెచ్చింది. వంటగది అరుగు మీద సుందరమ్మ బియ్యం చేటతో కూర్చుని ఉంది. చెరుగుతున్నట్టే ఉంది గానీ చెయ్యి ఆడటం లేదు. శాలినిని చూసి లేచి, లోపలి నుంచి మేత సంచిలో చుట్టిన వస్తువొకటి తెచ్చి చేతిలో పెట్టింది. విప్పితే జిల్లా సభలో తుహినాకి ఇచ్చిన షీల్డు.

“నిన్న వ్యానెక్కే ముందు పరిగెట్టుకొచ్చి ఇచ్చిందమ్మా. ‘ఇది టీచర్ గారు రాసినదానికి ఇచ్చేరు మామ్మా, నాది కాదు. ఆవిడికి ఇచ్చెయ్యి’ అంది.”

“ఏడ్చిందా సుందరమ్మా?”

“ఏడవలేదమ్మా. ఏడిస్తే బాగుండును. ‘మామ్మా, బెంగాల్లో బళ్లో నన్ను ఏ ఊరని అడిగితే ఏం చెప్పాలే?’ అంది. నాకేం తెలుసమ్మా! చదువుకున్నదాన్నా నేను? బొడ్డూడని నాటినుంచీ ఈ చేతుల్తో ఎత్తుకున్నాను. నా మనవరాలు కాదని ఒక్కరోజు అనుకోలేదు.” సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “ఆ రఫ్ పేపరు ఇయ్యమని కూడా అడిగిందమ్మా. తాళం మీ దగ్గరుందని చెప్పేను.”

శాలిని బీరువా తీసింది. వెతకనక్కర్లేకపోయింది. పైనుంచి మూడో కాగితం. మా ఊరు కొంగల్లంక. దాని మీద తన గీత. స్కేలు పెట్టి కొట్టినట్టు ఎంత తిన్నగా ఉందో! గూడబాతు మీద ఇంటూ గుర్తు. కాగితం గుండెకి అదుముకుని అక్కడే నేలమీద కూలబడింది. క్లాసులో పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారని తెలిసినా లేవలేకపోయింది.

తన ఒప్పుకోలు కాగితాన్ని ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టింది. నలుగురు ‘అయ్యో’ అన్నారు. గంటలో ఎవరిదో పుట్టినరోజు వచ్చిపడింది, అది పైకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఒక కవరు తీసుకుంది. రఫ్ కాగితం, ఒప్పుకోలు, ‘నన్ను క్షమించు తల్లీ’ అని మరో చీటీ అందులో పెట్టింది. పైన తుహినా, తండ్రి సఫీకుల్ అని రాసింది. ఆ తర్వాత ఊరి పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ పిల్ల ‘అసలు ఊరి’ గురించి రెండు పేజీలు రాసిన మనిషికి ఆ ఊరి పేరు తెలియదు. శుక్రవారం బల్ల మీద పరిచిన కార్డుల్లో ఆ పేరు ఉంది. చూడలేదు. ప్రైజు వ్యాసానికి తను రాసుకున్న ప్రతి తీసి చూసింది. గంగ ఒడ్డున ఒక చిన్న పల్లె. అడ్మిషన్ రిజిస్టరు తీసింది. సొంత ఊరు అన్న గడిలో కొంగల్లంక అని ఉంది. ఐదేళ్ల కిందట తన చేత్తో, ఏమీ ఆలోచించకుండా రాసింది. పిల్ల ఆధార్ ఇక్కడే తీయించారు. అందులోనూ కొంగల్లంకే.

వేరే దారి లేక ఆ కాగితాలన్నీ ఒప్పుకున్న ఊరి పేరే కవరు మీద రాసింది. కొంగల్లంక, కైకలూరు మండలం. వాళ్లు ఎక్కడికి వెళ్లారో ఎవరైనా పంపిస్తారేమో, పోస్టులో ఏదో ఒక దారి ఉంటుందేమో అని వెర్రి ఆశ. పంపినవారి చోట బడి అడ్రసు వేసి, ఏలూరులో రిజిస్టరు పోస్టు చేసింది.

నాలుగో రోజు పోస్టుమాన్ భాస్కరరావు ఆ కవరు పట్టుకుని బడికి వచ్చాడు.

“మీరు పంపిందేనండీ, తిరిగొచ్చింది. గట్టంతా తిరిగేనండీ. అయ్యగారిని కూడా అడిగేను. ఈ పేరుగలవాళ్లు ఈ ఊళ్లో ఎప్పుడూ లేరన్నారండీ. ఇక్కడ సంతకం పెట్టండి.”

శాలిని సంతకం పెట్టింది. తిరిగొచ్చిన కవర్లు ఆవిడకి కొత్త కాదు.

“ఉన్నారండీ,” అంది. “ఆ పిల్లది ఈ ఊరేనండీ. ఇక్కడే పుట్టింది.”

భాస్కరరావు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. ఇంజను చప్పుడులో అతనికి వినబడలేదు.